ఎత్తు లేని మ్యాప్‌కు ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది?

గోల్కొండ కోట నుంచి ఉత్తరానికి గీత గీస్తే ఐదు కిలోమీటర్లు దాటగానే దుర్గం చెరువు తగులుతుంది. ఈ చిన్న పట్టీలో లేనిదంటూ లేదు. చుట్టుపక్కల నేల కంటే సుమారు 120 మీటర్లు పైకి లేచిన రాతి గుట్ట, దాని చుట్టూ కోటగోడ, ఒకప్పుడు ఆ కోటకు నీళ్లు ఇచ్చిన చెరువు, ఆ చెరువు మీద 2020 సెప్టెంబర్‌లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి, అవతల ఐటీ కంపెనీల అద్దాల టవర్లు. వాలంటీర్లు గీసే ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. వాటిని బ్రౌజర్‌లో వేలితో తిప్పి చూసుకునే త్రీడీ దృశ్యంగా మార్చడానికి ఇప్పుడు పెద్ద కంపెనీ అక్కర్లేదు. లాప్‌టాప్ ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థి శని, ఆదివారాల్లో చేసేయగలడు.

ఫలితం చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ దృశ్యంలో కనిపించే ఎత్తుల్లో కొలిచినవి ఎన్ని, ఊహించినవి ఎన్ని అని అడిగి చూడండి. చాలాసార్లు తయారుచేసినవాళ్ల దగ్గరే జవాబు ఉండదు. ఎందుకంటే మ్యాప్‌లో ఎత్తు అనేదే లేదు. దాన్ని బయటి నుంచి తెచ్చి అతికించాలి. త్రీడీ మ్యాప్ తయారీలో అసలు కష్టం బొమ్మ గీయడంలో కంటే ఈ అతుకుల్లోనే ఉంది.

ముందు మ్యాప్‌లో ఏముందో చూద్దాం. 2004లో స్టీవ్ కోస్ట్ బ్రిటన్‌లో మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రాథమికమైన వస్తువు బిందువు. దానికి ఒక అక్షాంశం, ఒక రేఖాంశం. అంతే, మూడో అంకె లేదు. బిందువులను వరుసగా కలిపితే రోడ్డు, మొదటికి తెచ్చి మూస్తే ఇంటి హద్దు లేదా చెరువు ఒడ్డు. ఆ గీతకు ట్యాగులు అనే చీటీలు తగిలిస్తారు: ఇది బిల్డింగ్, ఇన్ని అంతస్తులు, ఇంత ఎత్తు, పైకప్పు ఈ ఆకారం అని. ఇందులో మొదటి చీటీ తప్ప మిగతావి రాస్తే రాసినట్టు, లేకపోతే లేదు. మన నగరాల్లో ఎక్కువ ఇళ్లను వాలంటీర్లు ఉపగ్రహ చిత్రం మీద మౌస్‌తో గీశారు. పై నుంచి చూసేవాడికి డాబా కనిపిస్తుంది, కింద ఎన్ని అంతస్తులు ఉన్నాయో కనిపించదు. అందుకే చాలా ఇళ్లకు ఉన్న సమాచారం ఒక్క ముక్కే: ఇక్కడొక కట్టడం ఉంది.

నేల ఎప్పటిది?

దృశ్యానికి ముందు నేల కావాలి. ఉచితంగా దొరికే నేల ఎత్తుల్లో ఇప్పటికీ ఎక్కువగా వాడేది 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ 11 రోజుల్లో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం అనే డేటా. షటిల్ పొట్టలో ఒక రాడార్ యాంటెన్నా, 60 మీటర్ల పొడవైన కడ్డీ చివర ఇంకొకటి పెట్టి, కిందికి పంపిన తరంగం తిరిగొచ్చినప్పుడు రెండు చోట్లా దాని దశలో ఎంత తేడా ఉందో చూసి నేల ఎత్తు లెక్కగట్టారు. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల దాకా ఉన్న భూభాగమంతా అందులో ఉంది. మొదట అమెరికా బయటివాళ్లకు 90 మీటర్లకు ఒక బిందువు చొప్పునే ఇచ్చారు. 30 మీటర్ల డేటాను ప్రపంచమంతటికీ విడుదల చేయడం 2014లో మొదలైంది.

ఫైలు మాత్రం నిరాడంబరం. హైదరాబాద్ ఉన్న ఒక డిగ్రీ చదరపు ముక్క పేరు ఎన్17ఈ078. అందులో వరుసకు 3601 అంకెలు, 3601 వరుసలు, ఒక్కో అంకెకు రెండు బైట్లు. బొమ్మలు, రంగులు ఏమీ లేవు. ఎత్తులన్నీ పూర్తి మీటర్లలోనే, అర మీటరు అనే మాటే లేదు. పక్కపక్కనున్న నాలుగు అంకెలను రెండు త్రిభుజాలుగా కలుపుకుంటూ పోతే నేల మెష్, అంటే త్రిభుజాల వల తయారు. ముక్క మొత్తం తీసుకుంటే రెండున్నర కోట్లకు పైగా త్రిభుజాలు అవుతాయి. మనకు కావలసిన ఆరు కిలోమీటర్ల చదరానికి 80 వేలు చాలు, మామూలు ఫోన్ కూడా మోస్తుంది.

దీనికి మన వైపు జవాబు కార్టోశాట్-1. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఈ ఉపగ్రహంలో రెండు కెమెరాలు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఒకటి 5 డిగ్రీలు వెనక్కి చూస్తాయి. ఒకే చోటును రెండు కోణాల నుంచి తీస్తే, రెండు కళ్లతో దూరం పసిగట్టినట్టే ఎత్తు తెలుస్తుంది. ఆ చిత్రాల నుంచి బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసిన కార్టోడెమ్ అనే ఎత్తుల డేటాను ఇస్రో మ్యాపుల వెబ్‌సైట్ భువన్‌లో 30 మీటర్ల స్థాయిలో పెట్టారు. దుర్గం చెరువు ఎత్తు లెక్క ఆ చెరువుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే తయారైందన్నమాట.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ప్రశ్న ఒకటుంది: ఈ నేల ఎప్పటిది? 2000 ఫిబ్రవరి అంటే హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచి ఏడాది చిల్లర. ఇప్పుడు ఆకాశాన్ని కప్పేస్తున్న టవర్లలో చాలా భాగం అప్పటికి పుట్టనేలేదు. రాడార్, కెమెరా రెండూ తమకు మొదట తగిలినదాన్నే నేల అనుకుంటాయి. అది చెట్టు కొమ్మ కావచ్చు, డాబా కావచ్చు. జర్మన్ ఉపగ్రహాలు 2011 నుంచి 2015 దాకా సేకరించిన డేటాతో వచ్చిన కోపర్నికస్ ఎత్తులు ఎస్‌ఆర్‌టీఎం కంటే ఎన్నో విధాల మెరుగు. కానీ రాయదుర్గం వైపు దాన్ని నేలగా పరిస్తే, అప్పటికే కట్టేసిన టవర్లు నేలలో ఉబ్బెత్తు దిబ్బలుగా కలిసిపోయి ఉంటాయి. ఆ దిబ్బల మీద మళ్లీ మనం టవర్లు నిలబెడతాం. ఒక్క భవనం ఎత్తును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ఆ చోట ముతకదైనా పాత డేటానే మంచి నేల.

అయితే పాత డేటా మోసం ఇంకో రకం. హైదరాబాద్ పడమటి వైపు పెరిగిందే రాళ్లను పగలగొట్టుకుంటూ. బ్లాస్టింగ్ చేసి చదును చేసిన గుట్టలు పాత లెక్కలో ఇంకా నిలబడే ఉంటాయి. కొత్త అపార్ట్‌మెంటును తెచ్చి అక్కడ పెడితే దాని కింది అంతస్తులు లేని గుట్టలో కూరుకుపోతాయి. స్క్రీన్ మీద చూసినవాళ్లు సెల్లార్ కాబోలు అనుకుంటారు.

దక్కన్ నేలతో ఇంకో ఇబ్బంది, చప్పగా కనిపించడం. ఐదు కిలోమీటర్ల దృశ్యంలో 120 మీటర్ల గుట్ట అంటే నలభైలో ఒక వంతు. కింద నిలబడి తలెత్తి చూసిన గోల్కొండ స్క్రీన్ మీద చిన్న బొడిపెలా ఉంటుంది. అందుకని చాలామంది నిలువు కొలతను రెండింతలో మూడింతలో చేస్తారు. నేలను పెంచి ఇళ్లను పెంచకపోతే ఊరంతా మరుగుజ్జుగా, ఇళ్లనూ పెంచితే ప్రతి డాబా ఒక టవర్‌లా కనిపిస్తుంది. గుట్టను పెంచినట్టు చూసేవాళ్లకు చెప్పడం మాత్రం అరుదు.

అంకెలు సరే, ఏ లెక్కలో?

హైదరాబాద్ ఎక్కడ ఉంది అంటే మనం 17.4, 78.4 అంటాం. అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. మ్యాప్ డేటాకు వాడే జియోజేసన్ ఫైళ్లు రేఖాంశాన్ని ముందు రాస్తాయి. ఈ వరుస తారుమారైతే మన కోట 78.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర తేలుతుంది. అది నార్వే పాలనలో ఉన్న స్వాల్‌బార్డ్ మంచుదీవుల చోటు. పైగా అక్కడ ఎస్‌ఆర్‌టీఎం డేటా ఉండదు కాబట్టి స్క్రీన్ ఖాళీగా కనిపిస్తుంది, కోడ్‌లో తప్పెక్కడుందో వెతుక్కుంటూ సాయంత్రమంతా గడుస్తుంది. ఈ రంగంలోకి దిగినవాళ్లలో స్వాల్‌బార్డ్ చూడనివాళ్లు తక్కువ.

డిగ్రీలతో నేరుగా బొమ్మ గీయలేం. వాటిని మీటర్లలోకి మార్చాలి. సులువైన దారి వెబ్ మెర్కేటర్, ఆన్‌లైన్ మ్యాపుల్లో ఎక్కువ భాగం వాడేది అదే. కానీ అందులో భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ అడ్డం కొలతలు సాగుతాయి. హైదరాబాద్ దగ్గర సాగుడు దాదాపు 5 శాతం, లండన్ దగ్గర 60 శాతం. లండన్‌లో తప్పు ఇట్టే దొరికిపోతుంది: ఇళ్లన్నీ పక్కలకు లాగినట్టు పొట్టిగా కనిపిస్తాయి. మన దగ్గర 5 శాతమే కాబట్టి ఎవరి కంటికీ ఆనదు, అలాగే ఉండిపోతుంది. కంటికి దొరకని తప్పే ఎక్కువ కాలం బతుకుతుంది.

కొలతలు సరిగ్గా రావాలంటే యూటీఎం మేలు. ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకి విడిగా మీటర్ల లెక్క ఇస్తుంది. 78 నుంచి 84 డిగ్రీల దాకా 44వ పట్టీ. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అన్నీ అందులోనే. ఆంధ్రప్రదేశ్ మొత్తాన్ని ఒకే దృశ్యంగా చేద్దామంటే మాత్రం అడ్డం పడుతుంది. అనంతపురం 43వ పట్టీలో, పలాస, ఇచ్ఛాపురం 45వ పట్టీలో ఉన్నాయి. ఒక రాష్ట్రం, మూడు లెక్కలు.

ఎత్తుకు కూడా సున్నా ఎక్కడ అనే పేచీ ఉంది. కొన్ని డేటాలు సముద్రమట్టం నుంచి కొలుస్తాయి, కొన్ని భూమికి నున్నటి గుడ్డు లాంటి ఊహా ఆకారం గీసి దాని నుంచి కొలుస్తాయి. ఈ రెండు సున్నాల మధ్య ప్రపంచంలోకెల్లా లోతైన పల్లం శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ సముద్రమట్టం ఆ ఊహా ఆకారం కంటే 106 మీటర్లు కిందికి ఉంటుంది. తెలుగు నేల కూడా ఆ పల్లం వాలులోనే ఉంది. అందువల్ల విశాఖ బీచ్‌లో ఇసుక మీద నిలబడ్డా, సవరణ లేని జీపీఎస్ ఎత్తు మైనస్ పదుల మీటర్లలో చూపిస్తుంది. నేలను ఒక సున్నా నుంచి, ఇళ్లను ఇంకో సున్నా నుంచి తెస్తే ఇళ్లన్నీ గాలిలో తేలతాయి, లేదా పాతాళంలోకి పోతాయి. యూరప్‌లో ఇదే తేడా గుర్తు తిరిగి ఉంటుంది కాబట్టి, అక్కడివాళ్లు రాసిన పాఠం చూసి ప్లస్ పెట్టేస్తే సమస్య రెట్టింపవుతుంది.

కంప్యూటర్ వైపు నుంచి కూడా ఒక చిక్కు. గ్రాఫిక్స్ చిప్పులు మామూలుగా వాడే 32 బిట్ల దశాంశ సంఖ్యలో భూకేంద్రం నుంచి కొలిచిన 63 లక్షల చిల్లర మీటర్ల దూరాన్ని పెడితే, ఒక అంకెకూ పక్క అంకెకూ మధ్య అర మీటరు ఖాళీ ఉంటుంది. కెమెరా కదిలినప్పుడల్లా గోడలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతాయి. మందు తేలికే: దృశ్యానికి స్థానికంగా ఒక సున్నా పెట్టుకోవాలి. గోల్కొండ గుట్ట కొసన ఉన్న బాలా హిసార్‌ను సున్నా అనుకుని మిగతా అన్నింటినీ అక్కడి నుంచి కొలిస్తే అంకెలు చిన్నవవుతాయి, వణుకు పోతుంది. భూమి గుండ్రంగా ఉందన్న సంగతి అప్పుడు మరిచిపోవచ్చా అంటే, ఐదు కిలోమీటర్లకు వచ్చే వంపు రెండు మీటర్లే. యాభై కిలోమీటర్లకు దాదాపు 200 మీటర్లు. దుర్గం చెరువు దాకా మరిచిపోవచ్చు, యాదగిరిగుట్ట దాకా వెళితే కుదరదు.

పెట్టెల నగరం

ఇళ్లను లేపే పద్ధతి చిన్నపిల్లలు అట్టముక్కతో పెట్టె చేసినట్టే ఉంటుంది. హద్దు గీతను అలాగే పైకి లాగాలి, చుట్టూ గోడలు నిలబెట్టాలి, పైన మూత వేయాలి. మూతను త్రిభుజాలుగా కోయడానికి మ్యాపుల కంపెనీ మ్యాప్‌బాక్స్ వాళ్ల ఇయర్‌కట్ లాంటి చిన్న లైబ్రరీలు చాలు. ఎన్ని మూలలుంటే అంతకంటే రెండు తక్కువ త్రిభుజాలు. మధ్యలో బహిరంగ ప్రాంగణం ఉన్న దేవిడీలు, స్కూళ్లు అయితే లోపలి గీతను కూడా లెక్కలోకి తీసుకోవాలి, మరిచిపోతే ప్రాంగణం మీద స్లాబు పడుతుంది. మూలల వరుస గడియారం తిరిగే వైపా, ఎదురు వైపా అన్నది తప్పితే గోడలు లోపలికి తిరిగి, ఇల్లు పొట్ట చీల్చినట్టు కనిపిస్తుంది. ఇవన్నీ ఒకసారి సరిచేస్తే సరిపోయే తప్పులు.

సరికానిది ఎత్తు. ఎత్తు చీటీ లేనప్పుడు అంతస్తుల సంఖ్యను 3 మీటర్లతో గుణించడం వాడుక. అంతస్తుల సంఖ్య కూడా లేకపోతే అన్నింటికీ ఏదో ఒక అంకె వేసేస్తారు. ఇక్కడ మన ఊరి చిక్కు ఒకటి దూరుతుంది. మన వాడుకలో జీ ప్లస్ 4 అంటే గ్రౌండ్ కాక నాలుగు, మొత్తం ఐదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నియమం ప్రకారం గ్రౌండ్‌తో కలిపి 5 అని రాయాలి. బోర్డు చూసి 4 అని రాస్తే ఒక అంతస్తు గల్లంతు. స్టిల్ట్ పార్కింగ్ ఉంటే ఇంకో తికమక, దాన్ని అంతస్తు అనాలా వద్దా అని. పైన అనుమతి లేకుండా లేపిన పెంట్‌హౌస్ ఏ లెక్కలోనూ ఉండదు. ఐటీ టవర్లలో ఒక్కో అంతస్తు 3 మీటర్ల కంటే బాగా ఎక్కువ, ఏసీ డక్టులకు, ఫాల్స్ సీలింగ్‌కు చోటు కావాలి కాబట్టి. ఇరవై అంతస్తులు పేరుకునేసరికి తేడా పదుల మీటర్లకు చేరుతుంది. ఇలా తయారైన నగరంలో చిన్న ఇళ్లు కొంచెం అటూ ఇటూగా సరిపోతాయి, పెద్దవి కుంగిపోతాయి. విచిత్రం ఏమిటంటే దృశ్యం చూసేవాళ్ల కన్ను మొదట పడేది ఆ పెద్దవాటి మీదే.

ఈమధ్య ఈ ఖాళీని కృత్రిమ మేధతో పూడుస్తున్నారు. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్, మైక్రోసాఫ్ట్ బిల్డింగ్ ఫుట్‌ప్రింట్స్ ఉపగ్రహ చిత్రాల నుంచి కట్టడాల హద్దులను యంత్రంతోనే గీయించాయి. 2024లో గూగుల్ విడుదల చేసిన ఇంకో డేటాలో 2016 నుంచి 2023 దాకా ఏటా కట్టడాల ఎత్తు అంచనా కూడా ఉంది. అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కలిసి 2022 చివర్లో పెట్టిన ఓవర్చర్ సంస్థ ఈ మూలాలన్నింటినీ ఒకచోట కలిపి ఇస్తోంది. ఉపయోగమే, సందేహం లేదు. కానీ యంత్రం చెప్పిన 14.3 మీటర్లు, మనిషి ఊహించిన 15 మీటర్ల కంటే నమ్మకంగా కనిపిస్తుంది. దశాంశం ఉంది కదా అని.

పెట్టె పద్ధతి ఓడిపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. గోల్కొండలో గైడ్లు ఫతే దర్వాజా దగ్గర గోపురం కింద చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కిలోమీటరు దూరంలో బాలా హిసార్ మీద వినిపిస్తుందని చూపిస్తారు. హద్దు గీతను పైకి లాగితే ఆ దర్వాజా నిండు దిమ్మె అవుతుంది. కమాను ఉండదు, గోపురం ఉండదు, లోపలికి దారే ఉండదు. చార్మినార్‌దీ అదే గతి: నాలుగు కమానులూ పూడిపోయి, మినార్లు కలిసిపోయి చదరపు దిమ్మె మిగులుతుంది. ఒక్కో భాగాన్ని విడిగా గీసి, ఇది ఇంత ఎత్తున మొదలై ఇంత ఎత్తున ఆగుతుంది అని చీటీలు రాస్తే కొంత సరిచేయవచ్చు. ఆ ఓపిక అభిమానులున్న కట్టడాలకే దక్కుతుంది. కోటగోడ పరిస్థితి ఇంకా అన్యాయం. మ్యాప్‌లో అది ఒంటి గీత, మందం లేదు, బురుజు లేదు. దాన్ని గోడగా లేపితే కాగితం మడిచి నిలబెట్టినట్టు ఉంటుంది.

కేబుల్ బ్రిడ్జి అయితే చెరువులో మునిగిపోతుంది. రోడ్లను నేల మీద పరిచేటప్పుడు ప్రోగ్రాం ప్రతి బిందువు కింద నేల ఎత్తు చూసి అక్కడ దించుతుంది. బ్రిడ్జి కింద నేల అంటే చెరువు నీళ్లే, పైగా ఎస్‌ఆర్‌టీఎం రోజుల్లో అక్కడ బ్రిడ్జే లేదు. ఇది బ్రిడ్జి అనీ, దీని పొర 1 అనీ చీటీలు ఉంటాయి నిజమే. కానీ పొర 1 అంటే పొర 0 పైన ఉంది అని మాత్రమే. ఒక మీటరు పైనా, ఇరవై మీటర్ల పైనా అన్నది చెప్పదు. ఫ్లైఓవర్ల కథ ఇంతే. మెహిదీపట్నం నుంచి 11 కిలోమీటర్లకు పైగా సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మొత్తం నేల మీదికి దిగి కింది రోడ్డుతో కలిసిపోతుంది. రెండు చివర్లలో నేల ఎత్తు తీసుకుని మధ్యలో సాఫీగా కలపడం చిన్న బ్రిడ్జికి పనిచేస్తుంది. పొడవైన ఫ్లైఓవర్‌కు స్తంభాల దగ్గర ఎత్తులు ఎవరైనా రాసి ఉండాల్సిందే.

వేలితో తిప్పితే

ఇదంతా ఒకే ఫైలుగా పంపితే ఫోన్ చేతులెత్తేస్తుంది. అందుకే మ్యాపులన్నీ టైల్స్, అంటే పలకల పద్ధతి పట్టుకున్నాయి. సున్నా స్థాయిలో ప్రపంచమంతా ఒక పలక, స్థాయి పెరిగినప్పుడల్లా ఒక్కో పలక నాలుగవుతుంది. 14వ స్థాయికి వచ్చేసరికి దాదాపు 27 కోట్ల పలకలు. మన కోట నుంచి చెరువు దాకా అందులో పది, పన్నెండు చాలు. దగ్గరివి వివరంగా, దూరానివి ముతకగా తెప్పిస్తారు. వివరమైన పలక, ముతక పలక పక్కపక్కన పడితే అంచులు కలవక సందులోంచి ఆకాశం కనిపిస్తుంది. దాన్ని కప్పడానికి ప్రతి పలక అంచునా కిందికి ఒక పరదా వేలాడదీస్తారు. మోటుగా ఉన్నా పనిచేసే పరిష్కారం.

నేల ఎత్తులను పలకల్లో పంపే పద్ధతి ముచ్చటైనది. ఎత్తును మామూలు పీఎన్‌జీ బొమ్మలో రంగుగా దాచేస్తారు. మ్యాప్‌బాక్స్ సూత్రం ప్రకారం 540 మీటర్లకు పదివేలు కలిపి, పదితో గుణిస్తే 1,05,400. ఆ సంఖ్యను మూడు బైట్లుగా విడగొడితే ఎరుపు 1, ఆకుపచ్చ 155, నీలం 184. బ్రౌజర్ బొమ్మను తెరిచి, రంగు చదివి, ఎత్తును తిరిగి రాబడుతుంది. బొమ్మే కదా అని ఎవరైనా జేపీజీగా కుదిస్తే కొంప మునుగుతుంది. ఆకుపచ్చ ఒక్క మెట్టు మారితే కంటికి తెలియదు, నేల మాత్రం 25.6 మీటర్లు ఎగురుతుంది. చదునుగా ఉండాల్సిన మైదానం ముళ్లపందిలా లేస్తుంది.

ఇళ్ల విషయంలో త్రిభుజాల సంఖ్య కంటే వస్తువుల సంఖ్య బాధిస్తుంది. నాలుగు మూలల ఇంటికి పది త్రిభుజాలే, పదివేల ఇళ్లకు లక్ష. కానీ ఒక్కో ఇంటిని విడి వస్తువుగా గీయమంటే ఫ్రేముకు పదివేల ఆజ్ఞలు, దృశ్యం నత్తనడక నడుస్తుంది. అందుకని అన్నింటినీ ఒకే మెష్‌లో కుట్టేసి, ప్రతి మూలకూ ఇది ఫలానా ఇంటిది అని నంబర్ అంటిస్తారు. వేలితో తాకినప్పుడు ఆ నంబర్ చూసి ఇంటి వివరాలు తెస్తారు. సీజియం బృందం 2015లో మొదలుపెట్టిన 3డీ టైల్స్ ఈ పద్ధతులన్నింటినీ ఒక ప్రమాణంగా కూర్చింది, 2019లో మ్యాప్ డేటా ప్రమాణాల సంస్థ ఓజీసీ దాన్ని ఆమోదించింది. మొత్తం కథకు పునాది 2011లో వచ్చిన వెబ్‌జీఎల్. అంతకు ముందు బ్రౌజర్‌లో త్రీడీ అంటే ఏదో ఒక ప్లగిన్ దించుకోవాల్సిందే.

దృశ్యం సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి మన అక్షాంశం మనకొక ఉచిత పరీక్ష ఇచ్చింది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి హైదరాబాద్‌లో మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు స్తంభానికి నీడ ఉండదు. దృశ్యంలో ఆ రోజు, ఆ సమయం పెట్టి చూడాలి. టవర్ల నీడలు మాయమైతే సరే. పక్కకు పడుతున్నాయంటే సూర్యుడి లెక్కలోనో అక్షాల్లోనో తేడా ఉన్నట్టే. మ్యాపుల ప్రపంచంలో పైకి చూపే అక్షం జెడ్, గేమ్ ఇంజిన్లలో చాలా చోట్ల వై. ఈ రెంటినీ మార్చే దగ్గర ఒక మైనస్ గుర్తు జారిపోతే ఊరంతా అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. ఊరు తెలియనివాళ్లు ఎన్నాళ్లు చూసినా కనిపెట్టలేరు.

తిప్పి చూడటం వరకు ఫరవాలేదు. దృశ్యానికి స్లైడర్లు తగిలించినప్పుడు ఊహ కాస్తా తీర్పుగా మారుతుంది. నీటిమట్టం స్లైడర్ పైకి జరిపితే ఏ ఊరు మునుగుతుందో చూపే త్రీడీ మ్యాపులు వర్షాకాలంలో తెగ తిరుగుతాయి. కోనసీమ, దివిసీమ లాంటి చోట్ల ఒక మీటరు తేడాతో పొలం తేలుతుందా మునుగుతుందా అన్నది తేలుతుంది. ఎస్‌ఆర్‌టీఎం హామీ ఇచ్చిన నిలువు కచ్చితత్వం 16 మీటర్ల లోపు అని మాత్రమే. వాస్తవంలో అంతకంటే బాగానే ఉంటుంది, అయినా కొబ్బరిచెట్ల తలలను నేలగా లెక్కపెట్టిన డేటా అది. 2019లో అమెరికాలోని క్లైమేట్ సెంట్రల్ సంస్థ పరిశోధకులు నేలను ఉన్నదానికంటే ఎత్తుగా చూపే ఈ తప్పును సవరించి లెక్కవేస్తే, తీరప్రాంతాల్లో ముంపు ముప్పు ఉన్న జనం పాత అంచనాకు దాదాపు మూడు రెట్లయ్యారు. అలాంటి నేల మీద ఒక్కో మీటరు జరిగే స్లైడర్ పెట్టడం అబద్ధం చెప్పడమే, బొమ్మ ఎంత బాగున్నా సరే.

ఎత్తును ఊహించకుండా కొలిచిన దేశాలు లేకపోలేదు. నెదర్లాండ్స్ 1990ల చివర్లోనే దేశమంతా విమానం నుంచి లేజర్‌తో కొలవడం మొదలుపెట్టింది. నేలలో పెద్ద భాగం సముద్రమట్టం కంటే కిందే ఉన్న దేశానికి గట్టు ఎంత ఎత్తుందన్నది ప్రాణ సమస్య. ఆ డేటాను భవనాల రిజిస్టర్‌తో కలిపి డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసిన 3డీబ్యాగ్‌లో కోటి భవనాలు పైకప్పు వాలుతో సహా ఉచితంగా దొరుకుతాయి. జపాన్ ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన ప్లాటో ప్రాజెక్టు మొదటి దఫాలోనే 56 నగరాలను త్రీడీలో తెరిచి ఇచ్చింది. వరద, భూకంపం అక్కడ పక్కింటి మనుషుల్లా వచ్చిపోతుంటాయి.

మన దగ్గర దారి తెరుచుకున్నది 2021 ఫిబ్రవరి 15న. అంతకు ముందు మ్యాప్ డేటా సేకరణకు ముందస్తు అనుమతుల తంటా ఉండేది. కేంద్ర ప్రభుత్వ కొత్త మార్గదర్శకాలు దాన్ని చాలావరకు ఎత్తేసి ఒక గీత గీశాయి: అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్లు. అంతకంటే కచ్చితమైన డేటాను భారతీయ సంస్థలే తయారుచేసి, ఈ దేశంలోని సర్వర్లలోనే ఉంచాలి. నిలువుగా 3 మీటర్లంటే సరిగ్గా ఒక అంతస్తు. జీ ప్లస్ 4 అంటే నాలుగా ఐదా అని తేల్చగలిగే డేటా ఆ గీతకు అవతల ఉందన్నమాట. అలాంటి కొలతలు తీసే మన కంపెనీలు ఉన్నాయి, డ్రోన్లతో, లేజర్లతో తీస్తున్నాయి, డబ్బు పెడితే ఇస్తాయి.

విద్యార్థి చేతికి అవి ఇప్పట్లో అందవు. అతను చేయగలిగింది ఒకటుంది. ప్రతి ఇంటికీ నంబర్ ఎలాగూ అంటిస్తున్నాడు, దానితో పాటు ఎత్తు ఎక్కడిదో కూడా ఒక అంకెగా రాయవచ్చు: కొలిచినదైతే 0, అంతస్తులను గుణించినదైతే 1, యంత్రం అంచనా అయితే 2, ఏమీ తెలియక వేసినదైతే 3. ఖర్చు ఇంటికి ఒక్క బైటు. ఆ అంకెను బట్టి రంగు వేసే బటన్ ఒకటి పెడితే, గోల్కొండ నుంచి దుర్గం చెరువు దాకా ఎన్ని ఇళ్లకు 3 రంగు పడుతుందో చూసేవాళ్లే లెక్కపెట్టుకుంటారు.